తేటతెల్లం

చెంపకీ చిగుళ్ళకీ మధ్య దూదిపుల్లను తిప్పుతూ
ఇరవై దాకా లెక్కపెట్టాలి.
పదకొండు దగ్గర తుమ్స దాన్ని కొరికేసింది.
వెల్గా రెండో పుల్ల తీసింది.
నోట్లోకి వచ్చింది తిండి ఎందుకు కాదో
ఏ కుక్కకి చెప్పగలం?

కుల్దీగలో ఫిబ్రవరి.
వెంతా నది అంచుల్లో గడ్డకట్టి
నడుమ మాత్రం ఇంకా ఏదో గొణుగుతోంది.
తుమ్స అంటే వాళ్ళ మాటలో చీకటి.
పొట్టికాళ్ళు, మంచును ఊడ్చుకుంటూ నడిచే పొట్ట,
నక్కబొరియలో దూరాక
తోకతో మాత్రమే లోకంతో మాట్లాడే జాతి.
ఒళ్ళంతా నలుపే.
కనుబొమల మీద మాత్రం
తుప్పుపట్టిన మేకుతో ఎవరో అద్దినట్టు రెండు చుక్కలు.

లియెపాయలో గుంటిస్ మగకుక్కతో జత కట్టించాలని ఆలోచన.
చాక్లెట్ రంగు పిల్లలకి ఇప్పుడు గిరాకీ.
అందుకే రంగుల పరీక్ష.
ఫారం చివర ఇంకో గడి ఉంది: ఆల్బినిజం.
రెండూ కలిపి చేయిస్తే తొమ్మిది యూరోలు తగ్గుతాయి.
వెల్గా పొదుపు మనిషి. టిక్కు పెట్టింది.

పదమూడో రోజుకి జవాబు.
చాక్లెట్: లేదు.
పలచబడిన నీలం: లేదు.
ఆల్బినిజం: ఒక ప్రతి.
కింద చీమల బారులాంటి అక్షరాలు:
ఈ కుక్కలో పైకేమీ కనబడదు. మోస్తుంది, అంతే.
మోసే మరొకదానితో కలిస్తే
నాలుగింట ఒక పాలు, పుట్టే పిల్ల తెల్లనిది కావచ్చు.

మోస్తుంది, అంతే.

ముఖం తెల్లబోవడమంటారే, అలా అయింది వెల్గాకి.

అప్పుడు తనకి తొమ్మిదేళ్ళు.
నాన్న ఆల్ఫ్రెడ్స్ సమష్టి వ్యవసాయ క్షేత్రంలో
వేటగాళ్ళ కోసం కుక్కల్ని పెంచేవాడు.
నక్త్స్ ఈనింది. నక్త్స్ అంటే రాత్రి,
మన నక్తానికి దూరపు చుట్టం.
నాలుగు నల్లవి.
ఐదోది మీగడ తరక.
గులాబీ ముక్కు, ఇంకా తెరుచుకోని కళ్ళు,
అమ్మ పొట్ట ఎక్కడుందో దానికీ అందరిలాగే తెలుసు.

"పాలకేంద్రం దగ్గరి తెల్లకుక్క దూకింది" అన్నాడు నాన్న.
"గేటు గడియ వెయ్యనిదెవరు?"
ఇంట్లో అందరూ ఒకే వైపు చూశారు.
నల్లగా ఉన్నవన్నీ మనవే అన్నాడు.
తరవాత బకెట్టు. బకెట్టు మీద మూత.
మూత మీద ఇటుక ఎందుకో అడగలేదు ఆ పిల్ల.

ముప్పై ఏడేళ్ళుగా గడియని రెండుసార్లు చూస్తుంది.
పెళ్ళినాటి రాత్రి కూడా మధ్యలో లేచి
చలికోటు తగిలించుకుని వెళ్ళి చూసొచ్చింది.

ఇప్పుడీ కాగితం.
గోడ దూకిందెవరూ లేరు.
నాన్న తన కంచంలోంచి మాంసం ముక్క తీసి పెట్టిన మగకుక్క,
గోడ మీద మూడు పతకాల కుక్క,
అదీ ఒక ప్రతి మోసింది. నక్త్స్ ఒకటి మోసింది.
మనవే అన్న ఆ నల్లవాటిలో ఏదో ఒకటి
నోరు మెదపకుండా దాన్ని
పిల్లకి, పిల్ల పిల్లకి అందించుకుంటూ
తుమ్స దాకా తెచ్చింది.
బకెట్టులో మునిగింది ఒక్కటే.
మిగిలిందంతా ఈదుకుంటూ వచ్చింది.

గుంటిస్‌కి ఫోను చేసింది.
"మీవాడికీ చేయించు."
"మావాళ్ళది శుభ్రమైన రక్తం, వెల్గా. ఎవర్నైనా అడుగు."
"మా నాన్నా అలాగే అన్నాడు."
అవతల చాలాసేపు పొయ్యిలో కట్టెలు చిటపటమన్నాయి.
"ఎంతవుతుంది?" అన్నాడు చివరికి.
తొమ్మిది యూరోల తగ్గింపు సంగతి చెప్పింది.

తుమ్స ఆవులించింది.
అంత నలుపులోనూ నోరు గులాబీ రంగే.
ఇన్నేళ్ళూ రోజూ చూసిన నోరే.

రాత్రి పెరట్లోకి వెళ్ళింది, అలవాటు కదా.
ఇనుము మీద మంచుపొర, వేళ్ళకి అతుక్కుంది.
గడియ వేసే ఉంది.

ఆ రోజు కూడా వేసే ఉందేమో.